మైలింటి రికార్డింగు

రబ్బరుతో మూడోసారి రుద్దాక గాని ర్యామ్ ముక్కకి ఉన్న పసుప్పచ్చ పళ్ళు మెరవలేదు. చెన్నకేశవులు దాన్ని బల్బు కిందికి ఎత్తి చూసి, ఉఫ్‌మని ఊది, గాడిలో కూర్చోబెట్టి, రెండు బొటనవేళ్ళతో నొక్కాడు. టక్కుమంది. ఆ చప్పుడు వింటే గాని అతనికి నమ్మకం చిక్కదు. రబ్బరు ముక్కని కంప్యూటరు డబ్బా నెత్తిన, ఎప్పుడూ ఉండే చోటే పెట్టాడు. పిల్లలు పెన్సిలు గీతలు చెరుపుకునే రబ్బరు అది. కూతురు వీణ బళ్ళో చదువుకునే నాటిది. వీణ పెళ్ళి చేసుకుని భిలాయి వెళ్ళి కాపురం చేసుకుంటున్నా రబ్బరు మాత్రం ఇక్కడే ఉండి అరుగుతోంది.

ఆ తరవాత సైకిలు పంపు తీసి డబ్బాలోకి గాలి కొట్టడం మొదలెట్టాడు. ఫ్యాను రెక్కల సందుల్లోంచి నల్లదుమ్ము లేచింది. ఉర్లా ఫ్యాక్టరీల దుమ్ము రాయపూర్ గుఢియారీ పేటలో ఆరేసిన బట్టల మీదా, పెరుగు గిన్నె మూతల మీదా ఎలాగూ పడుతుంది. ఈ కంప్యూటరు అది చాలక పుట్టింటి నుంచి కూడా దుమ్ము తెచ్చుకుంది. ఒకప్పుడు చెన్నకేశవులు పనిచేసే ధర్మకాంటాలో, అంటే లారీలు తూచే కాటా మీద, అది కూడా ఉద్యోగం చేసింది. పాతబడిందని కంపెనీవాళ్ళు తుక్కులో పడేస్తుంటే అడిగి తెచ్చుకున్నాడు. టీవీ కార్డు ఒకటి కొని గుచ్చి, వెనకాల కేబుల్ తీగ బిగించి, దాన్ని టీవీకి తగిలించాడు. అప్పట్నుంచీ అది లారీల బరువులు మానేసి సీరియళ్ళు రాసుకుంటోంది.

పంపు నాలుగుసార్లు కొట్టేసరికి ఆయాసం వచ్చింది. ఎడమ భుజం దగ్గర ఎవరో బొటనవేలితో అదిమినట్టు పట్టేసింది. నిన్న యూపీఎస్ ఎత్తి పక్కన పెట్టాను, అందుకే అనుకున్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. సన్నగా, పొడుగ్గా, మెడ దగ్గర కాస్త ముందుకి వంగి ఉంటాడు. కాటా కేబిన్ కిటికీలోంచి లారీ నంబరు చూడ్డానికి ఏళ్ళ తరబడి వంగీ వంగీ ఆ వంపు అలాగే నిలిచిపోయింది. గోళ్ళ మూలల్లో నలుపు ఏ సబ్బుకీ పోదు.

భార్య ఊర్మిళ టీ గ్లాసు తెచ్చి నేల మీద పెట్టింది.

"ఇయ్యాలతో పిన్నోళ్ళింటికి పన్నెండో రోజు కదా?"

"ఊఁ."

"అయితే మిషను ఖాళీ."

"ఊఁ."

"ఖాళీ అయితే నాది పెట్టు బావా."

"పెడతాన్లే."

"పోయినసారీ అలగే అన్నావు. అంతకు ముందూ అలగే అన్నావు."

చెన్నకేశవులు టీ తాగాడు. మొగుడికి ఆరింటి షిఫ్టు. పెళ్ళాం తెలీబంధా వైపు ఒక నర్సింగ్ హోములో ఆయా, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా డ్యూటీ. అతను ఇంటికి వచ్చేసరికి ఆమె ఉండదు, ఆమె వచ్చేసరికి అతను నిద్రలో ఉంటాడు. సంసారమంతా ఈ తెల్లవారుజాము టీ గ్లాసు దగ్గరే జరగాలి. అప్పుడు కూడా అతను ఆ డబ్బాలోనే తల దూర్చి ఉంటాడని ఆమెకి కోపం. ఆ కోపం న్యాయమైనదే.

సంగతి ఏమిటంటే, గుఢియారీ వెనక తెలుగువాళ్ళ గల్లీలో ఎవరు పోయినా ఆ ఇంట్లో పన్నెండో రోజు దాకా టీవీ పెట్టరు. శ్రీకాకుళం నుంచి తాతల కాలంలో వచ్చిన కుటుంబాలు. భాషలో సగం హిందీ కలిసిపోయింది గాని మైల మాత్రం చెక్కుచెదరలేదు. టీవీ మీద పాత చీర కప్పేస్తారు. దుఃఖం దుఃఖమే, కాదనం. అయితే రెండేళ్ళుగా రోజూ చూస్తున్న సీరియల్లో కోడలికి విషం పెట్టిన రోజే మామగారు కాలం చేస్తే ఆ ఇంటి ఆడవాళ్ళ గతేమిటి? పైకి చెప్పుకోలేరు. చెప్పుకుంటే ఊరంతా ఉమ్మేస్తుంది.

మొట్టమొదట నోరు విప్పింది పక్కింటి కల్యాణి. మామగారు పోయిన మూడో రోజున కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊర్మిళ చెవిలో చెప్పింది. ఊర్మిళ మొగుడికి చెప్పింది. చెన్నకేశవులు నవ్వలేదు. "పోయినోలు పోయారు, ఉన్నోలికి ఊపిరాడొద్దా" అని మిషను పెట్టాడు. మైల విడిచిన సాయంత్రం కల్యాణి తలుపులేసుకుని ఆ కథంతా ఒక్క బిగిని చూసి, అప్పుడు గాని మామగారి కోసం మనసారా ఏడవలేదు. అక్కణ్ణుంచి గల్లీలో అదొక ఆచారమైంది. కొరివి పెట్టడానికి కొడుకు, రికార్డు పెట్టడానికి చెన్నకేశవులు అని ఆకతాయిలు అంటారు. అతను ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోడు. పరామర్శకి వెళ్ళినప్పుడు ఇంటి పెద్ద పక్కన కాసేపు కూర్చుని, లేచేటప్పుడు వంటింటి గుమ్మం దగ్గర ఆగి, "ఏ ఛానలు, ఎన్నింటికి?" అని నేల చూస్తూ అడుగుతాడు. లోపల్నుంచి జవాబు గుసగుసగా వస్తుంది.

అలవాటు ఎంత ముదిరిందంటే, రైల్వేలో పనిచేసే పాల్ వాళ్ళమ్మ మరియమ్మ పోయినప్పుడు అడక్కుండానే పదకొండు రోజులు రికార్డు పెట్టేశాడు. పన్నెండో రోజు పెన్‌డ్రైవ్ పట్టుకెళితే పాల్ తెల్లబోయాడు. "అన్నా, మేము ప్రార్థన పెట్టుకుంటాం గాని మాకు మైలేటి? అమ్మని సమాధి చేసిన రెండోనాడే టీవీ పెట్టీసినాం" అని, ఏడుస్తూ నవ్వి, నవ్వుతూ ఏడ్చాడు. అయినా ఆ పెన్‌డ్రైవ్ తీసుకుని, ఇతను చిన్నబుచ్చుకుంటాడేమోనని చూసిన కథే మళ్ళీ చూశారట ఆ ఇంటిల్లిపాదీ.

ఇదంతా బాగానే ఉంది. చిక్కల్లా ఆ కార్డు ఒక వేళకి ఒక్క ఛానలే పట్టగలదు. గల్లీ ఆడవాళ్ళ సీరియలూ ఊర్మిళ సీరియలూ రెండూ సాయంత్రం ఏడున్నరకే, వేరు వేరు ఛానళ్ళలో. ఆమె సీరియల్లో ఇద్దరు అక్కచెల్లెళ్ళున్నారు, చిన్నప్పుడు విడిపోయారు, ఒకే ఊళ్ళో ఒకరికొకరు తెలియకుండా బతుకుతున్నారు. ఆ వేళకి ఊర్మిళ ఎవరో రోగి పక్క గుడ్డలు మారుస్తూ ఉంటుంది. ప్రకటనల మధ్య అటూ ఇటూ తిప్పి చూసే కల్యాణి ఆ కథ మర్నాడు చెప్పాలి. కల్యాణికి ఓపిక ఉంటే చెబుతుంది, లేకపోతే "ఏం లేదు ఒదినా, అలగే నడుస్తోంది" అంటుంది. కలుసుకోబోయి తప్పిపోయారని రెండుసార్లు విన్నది ఊర్మిళ. కళ్ళతో చూసింది మాత్రం పండగ సెలవులకే. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఊర్మిళ అడిగినా పెట్టలేదు చెన్నకేశవులు. ఎప్పుడూ ఎవరో ఒకరు పోయి ఉండేవారు. ఎవరూ పోని రోజుల్లో మర్చిపోయేవాడు.

"ఇంట్లో ఈగల మోత, బైట పల్లకీల మోత," అంది ఊర్మిళ కేరియరు మూత బిగిస్తూ. "నాను సస్తే గాని నాకు పెట్టవు. అప్పుడెవులు సూస్తారు?"

"సుబ్బరంగా తెల్లారుతూనే ఏటా మాటలు," అన్నాడు. కేరియరు అందుకుని సైకిలు తీశాడు. భుజం ఇంకా లాగుతూనే ఉంది.

కాటా దగ్గర రోజు రోజులాగే గడిచింది. ఖనిజం లారీలు బారులు తీరి ఉన్నాయి. ఒక్కోటీ ఇనుప పలక మీదికి ఎక్కుతుంది, కేబిన్ నేల సన్నగా అదురుతుంది, తెర మీద ఎర్ర అంకెలు పరిగెత్తి పరిగెత్తి ఆగుతాయి. ఆగేదాకా చూడాలి. ఆగాక మీట నొక్కాలి. చీటీ చింపి కిటికీలోంచి ఇవ్వాలి. ఇరవై ఏళ్ళుగా అతను చేసింది అంకెలు ఆగేదాకా చూడ్డమే. ఒక ముసలి డ్రైవరు కిటికీలోంచి తొంగి చూసి, "క్యా బాబూ, తబియత్ ఠీక్ హై?" అని ఒంట్లో బాగుందా అన్నట్టు అడిగాడు. "ఠీక్, ఠీక్" అన్నాడు చెన్నకేశవులు. మొహాన చెమట పట్టి ఉందని అప్పుడు గమనించి తువ్వాలుతో తుడుచుకున్నాడు. తువ్వాలు నల్లబడింది.

ఖాళీ దొరికినప్పుడు పొద్దుట ఊర్మిళ అన్న మాట మళ్ళీ గుర్తొచ్చింది. విసుగేసింది. ఆమె మీద కాదు, తన మీదా కాదు, ఊరికే వచ్చిన విసుగు. సైకిలు తొక్కాలి, కాటా దగ్గర కూర్చోవాలి, ఇంటికెళ్ళి కేబుల్ వాడు ఛానలు ఎక్కడికి మార్చాడో వెతకాలి, నిండిపోయిన డిస్కులోంచి పాతవి తీసేయాలి. చేసేకొద్దీ మళ్ళీ మొదటికే వచ్చే పనులు. వాటికి అలసిపోయానని చెప్పుకోడానికి కూడా సిగ్గు.

షిఫ్టు దిగి ఇల్లు చేరి, స్నానం చేసి, ఒక కునుకు తీసేసరికి సాయంత్రమైంది. పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని పిన్ని అని పిలిచే రంగనాయకమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆమె భర్త వెంకటస్వామి పోయి ఇవాళ్టికి పన్నెండో రోజు. మధ్యాహ్నం భోజనాలు అయిపోయాయి, చుట్టాలు సర్దుకుంటున్నారు. కొడుకు రఘుకి నయా రాయపూర్‌లో ఆఫీసు ఉద్యోగం. గుండు చేయించుకున్న తల మీద తువ్వాలు వేసుకుని అరుగు మీద కూర్చున్నాడు. చెన్నకేశవులు చేతిలో పెన్‌డ్రైవ్ చూసి మొహం తిప్పుకున్నాడు.

"అమ్మకి ఇప్పుడవన్నీ అవసరమా అంకుల్? నలుగురూ ఏటనుకుంటారు?"

"మైల పోయింది కదా బాబూ. ఇంక ఎవులేటనుకుంటే మనకేటి."

రంగనాయకమ్మ గదిలో ఒక మూల గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. బోసి మెడ, బోసి నుదురు. పన్నెండు రోజుల్లో మనిషి చిన్నదైపోయింది. చెన్నకేశవులు టీవీ మీది చీర తీసి మడతపెట్టి, డీవీడీ ప్లేయరుకి పెన్‌డ్రైవ్ గుచ్చాడు. తెర మీద కాస్త ఇసక రాలి, బొమ్మ వచ్చింది.

"కూకోరా కేశవులూ," అంది ఆమె. కూర్చున్నాడు. చాలా ఏళ్ళ తరవాత ఒక రోజు సీరియలు మొదట్నుంచి చివరిదాకా చూశాడు. ఇన్నాళ్ళూ బొమ్మ సరిగ్గా ఉందా, మాట వినబడుతోందా అనేదే గాని కథ చూసింది లేదు. మధ్యలో అత్తగారు దొంగ ఉత్తరం చదివే ఘట్టం వచ్చేసరికి రంగనాయకమ్మ చటుక్కున పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ వైపు తిరిగి, "సెప్పాను కదా నీకు, అది దొంగముండ అని" అంది. కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె అలాగే చూస్తూ ఉండిపోయి, కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆపమంటుందేమోనని చెన్నకేశవులు రిమోటు అందుకున్నాడు.

"ఆపకు," అంది. "సూడనీ. మీ బాబాయికి ఈ కతంటే అస్సలు గిట్టదు. అయినా నాను సెప్తుంటే ఇనీవోడు. సూడకపోయినా పర్లేదురా, పక్కన కూకోని ఇనీవోలు ఉండాల."

ఒకదాని తరవాత ఒకటి నాలుగు రోజుల కథ చూసింది. ఆమె కాస్త తేరుకుని, అన్నం తిన్నావా అని అడిగి, గారెలు రెండు పళ్ళెంలో పెట్టించింది. అతను తింటుంటే మళ్ళీ అడిగింది.

"ఊర్మిళకి ఏది పెడతావురా?"

చెన్నకేశవులు నమలడం ఆపాడు.

"దానికి ఎప్పుడూ సాయంత్రం డ్యూటీయే కదా. దాని కత ఎవులు సెప్తారు?"

"కల్యాణి సెప్తాది."

"కల్యాణి సెప్తే అయిపోద్దా!" అంది. ఆ మాట తిట్టు కాదు. తిట్టయితే దులుపుకుని పోయేవాడు. సగం గారె పళ్ళెంలోనే పెట్టేశాడు. తన పెళ్ళాం ఒక్కనాడైనా ఈమెలాగా తీరిగ్గా గోడకి ఆనుకుని కూర్చుని తనకిష్టమైనది చూడగా తను చూశాడా అని వెతుక్కున్నాడు. ఎంత వెతికినా ఒక్క రోజూ దొరకలేదు.

ఇల్లు చేరేసరికి ఏడున్నర దాటిపోయింది. ఇవాళ్టిది ఎలాగూ తప్పిపోయింది. చెప్పులు కూడా విడవకుండా టీవీ పెట్టి, మిషను లేపి, కీబోర్డు ఒళ్ళో పెట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఊర్మిళ ఛానలు ఎప్పుడూ ఉండే చోట లేదు. కేబుల్ వాడు మళ్ళీ మార్చేశాడు. ఒకటొకటే తిప్పుతూ పోతే భజనల ఛానలుకీ సరుకులమ్మే ఛానలుకీ మధ్య దొరికింది. బొమ్మలో ఇసక ఉంది. లేచి వెళ్ళి వెనకాల తీగ విప్పి, దాని రాగి ముల్లు చాకుతో గీకి, మళ్ళీ బిగించాడు. ఇసక తగ్గింది. తన పని మీద తనకే కాస్త తృప్తి కలిగింది.

రికార్డు గడులు నింపాడు: రేపటి నుంచి. ఏడున్నర. రోజూ. ఆ కింద గడి, ఎప్పటిదాకా అని. చెన్నకేశవులు ఎప్పుడూ తప్పనిది ఆ గడి దగ్గరే. ప్రతి చావింటికీ వేళ్ళ మీద లెక్కేసుకుని తేదీ కొట్టేవాడు. మైల విడిచే రోజు దాటి ఒక్క పూట కూడా ఎక్కువ తిరగనిచ్చేవాడు కాదు, డిస్కు నిండిపోతుందని. ఇవాళ వేలు ఆ గడి మీద ఆగింది. ఏ తేదీ పెట్టాలి? ఊర్మిళ డ్యూటీకి అంతెక్కడ? గడిని అలాగే ఖాళీగా వదిలేసి సరే కొట్టాడు. చోటు కోసం పాత చావిళ్ళ సీరియళ్ళన్నీ తీసేశాడు. టీవీ ఆపేసి, మిషనుని నిద్రపుచ్చాడు. ఇక రేపు అదే లేస్తుంది, అదే పడుకుంటుంది.

అప్పుడు ఫోను తీసి ఊర్మిళకి కలిపాడు. డ్యూటీలో ఉండగా ఫోను చెయ్యడం అతనికి అలవాటు లేదు.

"ఏటి బావా? ఏటయింది?" అంది కంగారుగా.

"ఏటీ అవలేదు. పెట్టీసేను."

"ఏటి పెట్టీసేవు?"

"నీదే. రేపట్నించి రోజూ తిరుగుద్ది."

అవతల ఎవరో రోగి ఆయాని పిలుస్తున్నారు. ఊర్మిళ చిన్నగా నవ్వింది. నమ్మిన నవ్వు కాదు.

"సర్లే. తిరిగినప్పుడు సూద్దాం. పేసెంటు పిలుస్తోంది, ఉంటాను. కూర గిన్నెలో ఉంది, ఏడి సేసుకుని తిను."

"రేపు ఏడున్నరకి సూడు," అన్నాడు. ఫోను అప్పటికే ఆగిపోయింది.

కూర వేడి చేసుకోడానికి లేద్దామనుకున్నాడు. భుజం లాగుడు మెడ దాకా, దవడ దాకా పాకింది. కాసేపు ఆగి లేస్తాను అనుకుని కుర్చీలో వెనక్కి వాలాడు. ఎదురుగా నల్లటి డబ్బా, దాని నెత్తిన రబ్బరు ముక్క. గల్లీలో ఎవరో పిల్లని అన్నానికి పిలుస్తున్నారు. అతను పెద్దగా బాధేమీ పడినట్టు లేదు. డ్యూటీ నుంచి వచ్చిన ఊర్మిళకి తలుపు తీసే ఉంది. చెప్పులతో ఇంట్లో కూర్చున్నాడని తిట్టబోయి, దగ్గరికి వచ్చి, చెయ్యి పట్టుకుని చూసింది. ఎంతమంది చేతులో పట్టుకుని చూసిన మనిషి. ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

మర్నాడు వీణ భిలాయి నుంచి మొగుడితో వచ్చింది. మధ్యాహ్నానికల్లా తీసుకెళ్ళిపోయారు. సాయంత్రానికి ఇల్లు కడిగి, అతన్ని పడుకోబెట్టిన చోట దీపం పెట్టారు. టీవీ మీద చీర కప్పింది కల్యాణి. పాల్ అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాడు. ఆడవాళ్ళు గోడల వెంట కూర్చున్నారు. కొత్తగా భర్త పోయిన మనిషి గడప దాటకూడదు గనక రంగనాయకమ్మ రఘుని పంపింది. ఊర్మిళ పొద్దుట్నుంచి ఒక్క మాట మాట్లాడలేదు, సరిగా ఏడవనూ లేదు. ఏడిస్తే మేలని పెద్దవాళ్ళు అనుకుంటున్నారు.

ఉన్నట్టుండి మూలన గర్రుమంది. అందరూ ఉలిక్కిపడి చూశారు. డబ్బా ముందు ఎర్రదీపం వెలిగింది, ఫ్యాను తిరగడం మొదలెట్టింది. రఘు గోడ గడియారంలో ఏడున్నర కావడం చూసి, నొచ్చుకుంటూ లేచాడు.

"అంకుల్ ఎవలికో పెట్టినట్టున్నారు. చావిల్లు, ఇప్పుడిదేటి. ఆపీస్తాను ఆంటీ."

"ఒగ్గీ," అంది ఊర్మిళ.

రఘు చెయ్యి స్విచ్చి దగ్గర ఆగిపోయింది.

"ఒగ్గీ బాబూ. అది నాది," అంది. ఆ తరవాత మొహం రెండు చేతులతో కప్పుకుని, "నిజంగానే పెట్టీసేడు, నాను నమ్మలేదు" అని గల్లీ అంతా వినబడేలా ఏడ్చింది. వీణ వచ్చి పట్టుకుంది. ఎవరూ ఓదార్చలేదు, ఏడవనిచ్చారు. కల్యాణి మెల్లిగా రఘుని అడిగింది, మైల విడిచే దాకా అలాగే తిరుగుద్దా అని. రఘు తెలియదన్నాడు.

చీర కప్పిన టీవీలో కనబడకుండా, డబ్బా లోపల ఎక్కడో ఆ అక్కచెల్లెళ్ళు ఒకరికొకరు తెలియకుండా తిరుగుతూ ఉంటారు. గదిలో వెలుగు ఆ దీపానిదీ, ఈ ఎర్రదీపానిదీ. డబ్బా నెత్తిన, ఒక మూల నల్లగా ఒక మూల తెల్లగా అరిగిన రబ్బరు ముక్క, ఫ్యాను తిరిగినంతసేపూ సన్నగా వణుకుతూనే ఉంది.